చావింటి బండి

బండి కొనడానికి చావింటికి ఎవరూ వెళ్లరు. థోబెకా వెళ్లింది. వెళ్లక ఏం చేస్తుంది? రేవు పట్నం పక్కన ఉన్న ఉమ్లాజి పేటలో గుషేషే కారు ఒకటి అమ్మకానికి వచ్చిందంటే పొద్దున పుట్టిన మాట సాయంత్రానికి పాతబడిపోతుంది. పెట్టెలా కోణాలు తేలిన ఆ పాత జర్మన్ స్పోర్ట్స్ కారు కోసం మగాళ్లు ఓలికి దాచిన సొమ్ము తీసేస్తారు, పెళ్లి మరో ఏడాదికి వాయిదా వేసుకుంటారు.

ఆదివారం మైదానంలో బండిని ఒక్క చోటే బొంగరంలా తిప్పడం, టైర్లు కాలి తెల్లటి పొగ లేస్తుంటే తిరిగే బండి కిటికీలోంచి బయటికి వేలాడి జనానికి చెయ్యూపడం, అదీ ఆట. ఆ ఆట థోబెకాకి వచ్చు. బండే లేదు. టైర్ల షాపులో జాకీలు ఎత్తీ ఎత్తీ భుజాలు ఇనుమయ్యాయి. ఎవణ్ణి బండి అడిగినా ఒకటే మాట, "ఇస్తాలే, సాయంత్రం గదికి రా." ఆ మాట విన్న ప్రతిసారీ చేతిలో ఉన్న స్పానర్ వంక చూసుకునేది. సొంత బండి ఉంటే ఏ గాడిదనీ అడగక్కర్లేదు.

చనిపోయినవాడు వుకాని. రేవులో కంటెయినర్లు దించే పని, ఆదివారాలు ఈ ఆట. గొలుసు తెగి మీద పడి సోమవారం పోయాడు. కంపెనీ పూలచక్రం పంపింది. అంతే, పూలచక్రం! దాని మీద పేరు కూడా తప్పు రాశారు. వాడికి శవపేటిక కావాలి, డేరా కావాలి, వచ్చినవాళ్లకు కోయడానికి ఎద్దు కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్క బండి.

బుధవారం మధ్యాహ్నం వుకాని అన్న ఫకమని బండి మీద గుడ్డ లాగి చూపించాడు.

"చూసుకో చెల్లీ, మచ్చ లేని బండి. ఇంజను కొత్తది. తిరిగింది లక్ష కిలోమీటర్లే."

థోబెకా మోకాళ్ల మీద కూర్చుని చక్రాల వెనక వేలు పెట్టి రుద్దింది. తుప్పు పొరలు పొరలుగా రాలింది. నూనె మూత తీసి వాసన చూసింది. లోపల స్టీరింగు తోలు అరిగి తళతళలాడుతోంది. లక్ష తిరిగిన బండి స్టీరింగు అలా ఉండదు.

"లక్షేనా అన్నా?"

"ఒట్టు."

అప్పుడు ఇంట్లోంచి, తెరిచి ఉన్న కిటికీలోంచి ఆడగొంతు వచ్చింది. "అబద్ధం. అసలు మీటరు మూడు లక్షల ఎనభై వేల దగ్గర చచ్చింది, ఇప్పుడున్నది వేరే బండిది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తిరిగింది. ఎంతో ఆయనకే తెలీదు."

ఫకమని మొహం కందిపోయింది. "మాషేజీ! నువ్వు మాట్లాడకూడదు. పరుపు మీద ఉన్నావు."

"పరుపు మీద ఉన్నది నేను, నా నోరు కాదు."

థోబెకా లోపలికి వెళ్లింది. గదిలో సామానంతా తీసేసి నేల మీద పరుపు వేశారు. వుకాని భార్య మాషేజీ తల మీదుగా దుప్పటి కప్పుకుని గోడకి ఆనుకుని ఉంది. చుట్టూ ముసలమ్మలు. మొగుణ్ణి మట్టిచేసేదాకా ఆ పరుపు దిగకూడదు, గొంతు పెంచకూడదు. ఇద్దరు పిల్లలు ఆమె కాళ్ల దగ్గర నిద్రపోతున్నారు.

"రా చెల్లీ, కూర్చో. నూనె తాగుద్ది, దాచను. రెండో గేరు పడదు, మంచిగా అడిగితే వినదు, తన్నాలి. వానొస్తే వెనక ఎడమవైపు నీళ్లు కారతాయి. ఆయన నన్ను చూసినదానికంటే దాన్నే ఎక్కువ చూసుకున్నాడు, కాబట్టి ఇంజను మాత్రం గట్టిది."

ముసలమ్మల్లో ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో, దగ్గో.

"ఇన్ని తప్పులు చెప్తే ధర పడిపోద్దక్కా," అంది థోబెకా.

"పడిపోనీ. రేపు నువ్వొచ్చి నా గుమ్మంలో తిట్టకూడదు. నాకు ఇప్పటికే తిట్లు చాలు."

బేరం పరుపు మీదే తెగింది. సగం ఇప్పుడు, సగం సోమవారం కాగితాలు మారాక. ఆ రెండో సగంతోనే మాషేజీ ఇల్లు నడవాలి, పిల్లలు బడికి పోవాలి. వేరే ఆసరా లేదు. మొదటి సగం థోబెకా అక్కడే దుప్పటి కింద చేతిలో పెట్టింది. అది గంట తిరక్కుండా ఫకమని జేబులోకీ, అక్కణ్ణుంచి శవపేటికలోకీ, ఒక నల్ల ఎద్దులోకీ వెళ్లిపోయింది. శవం లేచేదాకా బండి ఇంటి ముందే ఉంటుందనీ, తాళం ఇంటికి పెద్దవాడు ఫకమని దగ్గర ఉంటుందనీ అనుకున్నారు. పెద్దవాడట!

శనివారం పొద్దున థోబెకా నల్ల గౌను వేసుకుని వచ్చేసరికి వీధి నిండా బండ్లు. డేరాలో పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు. కానీ ఆ ప్రార్థన ఒక్క ముక్క వినబడటం లేదు. వీధిలో ఒక ఇంజను పొలికేకలు పెడుతోంది. ఆ గొంతు ఆమెకి తెలుసు. పరుగెత్తింది.

గుషేషే వీధి మధ్యలో ఉంది. వెనక చక్రాలకి ఎవరో అరిగిపోయిన గుండు టైర్లు బిగించారు. స్టీరింగు ముందు జ్వెలి. మైదానంలో బండ్లు తిప్పే స్పిన్నర్ల క్లబ్బుకి నాయకుడు, నల్ల కళ్లద్దాలు, చనిపోయినవాడి ఫొటో అచ్చేసిన తెల్ల బనియను. క్లబ్బు కుర్రాళ్లంతా అదే బనియను. ఒక్కో బనియనుకి పెట్టిన డబ్బుతో వుకాని పిల్లలకి చెప్పులొచ్చేవి. ఎవడికి పట్టింది?

"ఏం చేస్తున్నావ్?"

"ఓహో, టైర్ల పిల్ల! మంచి టైముకొచ్చావ్. గాలి సరిపోయిందో లేదో చూడు." కుర్రాళ్లు నవ్వారు.

"దిగు. అది నేను కొన్న బండి."

"సగం కొన్నావంట. ఏ సగమే? ముందుదా, వెనకదా?" మళ్లీ నవ్వులు. తర్వాత జ్వెలి కళ్లద్దాలు పైకి జరిపి గొంతు మార్చాడు, పాస్టరుకి తమ్ముడిలా. "చూడు చెల్లీ. స్పిన్నరు పోతే వాడి బండీ వాడితోనే పోవాలి. సమాధి దగ్గర తిప్పుతాం. టైర్లు పేలాలి, ఇనప చక్రాల మీద తిరగాలి, ఇంజను పగిలి ఆగాలి. అదీ వీడ్కోలు. వుకాని మాకు అన్న."

"మరి వదిన? ఆమె తిండి ఇంజను పగిలి ఆగాక ఎక్కడ్నించొస్తది?"

"చావింట్లో డబ్బు మాటలు మాట్లాడకే. సిగ్గుండాలి."

సిగ్గట! పక్కనే పళ్లెం పట్టుకుని ఫకమని నిలబడి ఉన్నాడు, ఎద్దు మాంసం నములుతూ, ఎటో చూస్తూ.

"తాళం నువ్విచ్చావా అన్నా?"

"కుర్రాళ్లు అడిగారు. వంశం పరువు. తమ్ముడి చావుకి పొగ లేవలేదంటే రేపు నలుగురిలో తలెత్తుకోగలనా?"

"నువ్వు నములుతున్నది ఏమిటో తెలుసా? ఈ బండినే నములుతున్నావ్! ఆ ఎద్దు ఈ బండి సొమ్ము. ఒక సగం పొట్టలో వేసుకుని, ఇంకో సగం తగలబెడతారా? బతికున్నప్పుడు వాడి డొక్కు బండికి ఒక్కడు టైరు కొనిచ్చాడా? చచ్చాక తోడబుట్టినవాళ్లు పుట్టగొడుగుల్లా లేచారు!"

"మగాళ్ల మధ్య నోరు లేస్తోందే," అన్నాడెవడో. ఇంకెవడో ఈలేశాడు. థోబెకా బండి ముందుకెళ్లి బానెట్ మీద రెండు చేతులూ ఆన్చి నిలబడింది. జ్వెలి ఇంజను రేస్ చేశాడు. ఇనుము అరచేతుల కింద వణికింది. బండి జానెడు ముందుకొచ్చింది. ఆమె కదల్లేదు. ఇంకో జానెడు. మోకాలికి బంపరు తగిలింది. ఇద్దరు కుర్రాళ్లొచ్చి రెక్కలు పట్టి పక్కకి ఈడ్చేశారు. డేరాలో వందమంది ఉన్నారు. ఒక్కడు లేవలేదు. చావు మర్యాద!

ఆమె ఇంట్లోకి పరుగెత్తింది.

"అక్కా, బండి తగలబెట్టడానికి తీశారు. సమాధి దగ్గర పగిలేదాకా తిప్పుతారంట. మీ బావే తాళమిచ్చాడు."

ముసలమ్మలు, "ఊరుకోవే, ఆమెకి చెప్తావేంటి, ఆమె పరుపు మీద ఉంది," అని థోబెకాని కసిరారు. అంతలో బయట పాస్టరు ఆమెన్ అన్నాడు. పేటిక లేచింది. విధవని నడిపించుకెళ్లి శవం వెనక నల్ల కారెక్కించాల్సిన వేళ. మాషేజీ లేచింది. ఇద్దరు ముసలమ్మలు చెరో చెయ్యీ పట్టుకోబోయారు. ఆమె ఆ చేతులు విడిపించుకుని పిల్లల చేతులు పట్టుకుంది.

వీధిలో అద్దెకు తెచ్చిన నల్ల కారు తలుపు తెరుచుకుని ఉంది. మాషేజీ దాని పక్కనుంచి నడిచిపోయింది. తిన్నగా గుషేషే దగ్గరికెళ్లి వెనక తలుపు తీసింది. పెద్ద పిల్లని ఎక్కించింది. చిన్నవాణ్ణి ఎక్కించింది. తను ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంది.

ఇంజను ఇంకా గుర్రుమంటోంది. జ్వెలి వెనక్కి తిరిగాడు. "వదినా, ఇది కాదు... నువ్వు ఆ కారులో..."

"తిప్పు," అంది మాషేజీ.

"వదినా!"

"తిప్పరా. టైర్లు పేలాలన్నావుగా, ఇంజను పగలాలన్నావుగా. బండి వాడిదైతే మేమూ వాడివాళ్లమే. అందర్నీ కలిపి తిప్పు. సమాధి దాకా ఎందుకు? ఇక్కడే తిప్పు. జనం ఉన్నారు, చూస్తారు."

దుప్పటి తొలగించి గొంతెత్తి మాట్లాడింది. వీధి మొత్తం విన్నది. ముసలమ్మలు గుండెలు బాదుకున్నారు. ఫకమని పళ్లెం కింద పెట్టి, "అరిష్టం! పితరులు చూస్తున్నారు!" అని అరిచాడు.

"చూడనీ బావా. ఇన్నాళ్లకి వాళ్లకీ ఏదో ఒకటి కనబడనీ."

థోబెకా కిటికీ దగ్గరికొచ్చింది. వేలు చాచి వీధి చివర గోడ నీడలో నిలబెట్టిన ఎర్ర గుషేషేని చూపించింది. కొత్త రంగు, కొత్త చక్రాలు, మీద పిట్ట రెట్ట పడకుండా కాపలాకి ఒకణ్ణి కూడా పెట్టాడు. "జ్వెలీ, అది నీదేగా? అన్న మీద అంత ప్రేముంటే దాన్ని తీసుకురా. పేలేదాకా తిప్పు. నేనే చప్పట్లు కొడతా."

జ్వెలి అటు చూశాడు. తన వెనకున్న కుర్రాళ్ల వైపు చూశాడు. వాళ్లు తమ తమ బండ్ల తాళాలు జేబుల్లోకి తోసుకుంటున్నారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నాది తీసుకో అనలేదు. పక్కవాడి పెళ్లాం పిల్లల సొత్తు తగలబెట్టడానికి ఎంత ధారాళం! సొంతది అనేసరికి ఎంత మర్యాద!

వాడు ఇంజను ఆపి దిగాడు. తాళం థోబెకా చేతికివ్వలేదు, మట్టిలో పడేశాడు. ఆమె వంగి తీసుకుంది. వంగడానికి సిగ్గుపడలేదు.

శవం వెనక గుషేషేని థోబెకా నడిపింది, నిదానంగా, గుండు టైర్లు మలుపుల్లో జారుతుంటే. పొగ లేదు. క్లబ్బువాళ్లు సగం దారిలో హారన్లు కొట్టి, తిట్లు తిట్టి, బండ్లు తిప్పుకుని బీరు కొట్టు వైపు పోయారు. అంచేత పేటిక గుంటలోకి దిగాక పారలు పట్టేవాళ్లు లేకపోయారు. మట్టి పోయాల్సింది మగాళ్లు, డేరాలో కూర్చున్న మగాళ్లేమో మాంసం పళ్లేల దగ్గరే ఉండిపోయారు. మిగిలింది ఫకమని, రేవులో వుకానితో పనిచేసిన ఇద్దరు కూలీలు, పాస్టరు. ఫకమని అటు తిరిగి నిలబడ్డాడు. కూలీలిద్దరూ చొక్కాలు తీసి మొదలుపెట్టారు.

థోబెకా కాసేపు చూసింది. తర్వాత కింద పడున్న మూడో పార తీసుకుంది.

"ఆడది మట్టి పోయకూడదు," అన్నాడు ఫకమని.

"అయితే నువ్వు పొయ్యి."

అతను పోయలేదు. ఆమె పోసింది. ఒంట్లో ఉన్న కోపమంతా పారలోకి దిగింది. ముఖమంతా చెమట, గౌను అంతా ఎర్రమట్టి. మట్టి అయిపోయినా ఆపలేదు, గడ్డల్ని పారతో కొడుతూనే ఉంది. చివరికి మాషేజీ వచ్చి భుజం మీద చెయ్యేసింది.

"చాలు చెల్లీ. ఆయన్ని కొట్టకు, ఆయనేం చేశాడు పాపం. పిల్లలకి ఆకలేస్తోంది. బండి తియ్యి."