కోడికి కుట్లు

పెట్ట అరుపు విని నీలవేణి పెరట్లోకి పరుగెత్తేసరికి, పిల్లల్ని గడ్డిమేటు సందులోకి తరిమేసి, అది ఒంటరిగా గద్దతో కలబడుతోంది. నీలవేణి చేతిలో ఉన్న చీపురు విసిరింది. గద్ద ఏమీ దొరక్క ఎగిరిపోయింది.

పిల్లలన్నీ క్షేమమే. పెట్టకే మెడ కింద చర్మం చీలి, లోపలి మేతసంచి చిరిగి, పొద్దున తిన్న చోడిగింజలు బయటికి రాలుతున్నాయి.

మొగుడు అప్పలసూరి చూసి, "ఇంకేటుంది, సచ్చిపోతాది. పేనముండగానే కోసీమంటావా?" అన్నాడు.

"ఆగు బావా! తల్లి లేకపోతే ఆ పిల్లలు బతుకుతాయేటి?"

పశువుల డాక్టరుండేది శృంగవరపుకోటలో. అక్కడిదాకా నడిస్తే దారిలోనే పోతుంది.

"నాను కుట్టీస్తాను!" అనేసింది నీలవేణి. రవికలు కుట్టిన చెయ్యే గానీ, ప్రాణమున్నదాన్ని ఎన్నడూ కుట్టలేదు.

అత్త తవిటమ్మ అప్పటికే పొయ్యి రాజేసింది. "సూస్తావేటే? నాను పట్టుకుంటాను, నువ్వు కుట్టు!"

సూదీ దారమూ నీళ్ళలో సలసల మరిగాయి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో గాయం కడిగి, అంటుకున్న ఈకలూ గింజలూ ఏరేసింది నీలవేణి. తవిటమ్మ కోడిని పాతచీరలో చుట్టి, కళ్ళ మీద కొంగు కప్పింది. అది కిమ్మనలేదు.

కూరకి కోసినప్పుడల్లా నీలవేణి చూసిందే, సంచి వేరు, పైచర్మం వేరు. అందుకని ముందు సంచి అంచులు కలిపి సన్నగా కుట్టింది. కోడి నోట్లో చెంచాతో నీళ్ళు పోసి చూస్తే, కుట్టు దగ్గర ఓ చుక్క ఊరింది.

"ఓలమ్మో, కారతన్నాది!"

"ఇంకో కుట్టెయ్యే!" అంది తవిటమ్మ.

నీలవేణి వేసింది. మళ్ళీ పోశారు. ఈసారి కారలేదు! ఇంట్లో మసకగా ఉందని అప్పలసూరి దీపం దగ్గరగా పట్టుకున్నాడు. తర్వాత చర్మం కుట్టి, పసుపద్దారు.

గంప కింద ఉంచి, కొన్నాళ్ళు పల్చటి చోడి అంబలి మాత్రమే చుక్కచుక్కగా పట్టారు. గాయం ఎండి, పక్కు కట్టింది.

ఓ పొద్దున గంప ఎత్తితే పెట్ట తూలుతూ బయటికొచ్చింది. ఒళ్ళు దులుపుకుని, నేల గీరి, 'కుక్ కుక్'మని పిల్లల్ని పిలిచింది. అవి ఎగబడి దాని కాళ్ళ సందుల్లో దూరాయి.

తవిటమ్మ వీధి గుమ్మంలోకి ఉరికి, ఎదురింటావిడకి వినపడేలా గొంతెత్తింది: "ఒలే అసిరమ్మా, రాయే, యేగిరం రా! మా కోడలు కోడిని కుట్టి బతికించింది, సూద్దువు గాని!"