ఐదు శ్రుతి అబద్ధం

నేను ఒక హార్మోనియాన్ని. మంచి చెయ్యబోయి చేసిన ఒక తప్పులో నాకూ వాటా ఉంది. డొంకతిరుగుడు లేకుండా చెప్పేస్తాను.

నన్ను చేసిన పనివాడు నాలో ఒక తెలివి పెట్టాడు. మెట్ల పలకను పక్కకు జరిపితే శ్రుతి మారుతుంది. వేళ్లు మాత్రం పాత మెట్ల మీదే ఉంటాయి. చూడటానికి ఐదు శ్రుతి, వినడానికి నాలుగు. పాడేవాళ్ల సౌకర్యం కోసమట! సౌకర్యం అన్నచోటల్లా మనుషులు అబద్ధానికి ఒక కిటికీ తీసి ఉంచుతారు.

నన్ను కొన్నవాడు మౌలాలి, రేపల్లె వైపు ఒక నాటక సమాజంలో వాయించేవాడు. ఆ సమాజానికి ప్రాణం కోటిలింగం. ముప్పై ఏళ్లుగా వాళ్లు ఆడేది ఒకటే పాత నాటకం. యుద్ధంలో కొడుకు చచ్చాడంటే గుడ్డిరాజు తట్టుకోలేడని, మంత్రి "గెలిచి వస్తున్నాడు ప్రభూ" అంటాడు. రాజు సంబరంగా కోట తలుపులు తీయిస్తాడు. శత్రువు లోపలికొస్తాడు. ఊరు తగలబడుతుంది. ఆ బూడిదలో నిలబడి మంత్రి ఏడుస్తూ పాడే పద్యానికి జనం వన్స్‌మోర్ కొట్టేవాళ్లు. ఆ మంత్రి కోటిలింగమే. ఐదు శ్రుతిలో పాడేవాడు; అంకె పెరిగేకొద్దీ గొంతు పైకెక్కాలి. నాటకాల వాళ్లలో ఐదంటే మొనగాడు, నాలుగంటే ముసలాడు. ఎవడు పెట్టాడో ఆ లెక్క, వాడి నోట్లో మన్ను!

అరవై దాటాక ఒక రిహార్సల్లో కోటిలింగం గొంతు జారింది. ఆయన ముఖం చిన్నబోవడం మౌలాలి చూశాడు. మర్నాడు నా పలకను ఒక మెట్టు కిందికి జరిపాడు.

"ఏ శ్రుతిరా మౌలా?"

"ఐదే అన్నాయ్. నా వేళ్లు చూసుకో."

మరుసటేడు ఇంకో మెట్టు దించాడు.

"గొంతులో ముల్లు దిగినట్టుందిరా. గుంటూరెళ్లి డాక్టరుకి చూపించుకోనా?"

"పద్యం ఖంగుమంటంటే డాక్టరెందుకన్నాయ్? దుమ్ముకి అట్టా ఉంటది. మిరియాల పాలు తాగు."

ఆయన నమ్మాడు. రెండేళ్లు మిరియాల పాలు తాగాడు.

ఆ తర్వాత నాటక పరిషత్తు పోటీ వచ్చింది. మిట్టమధ్యాహ్నం ప్రదర్శన. అక్కడ వాళ్ల హార్మోనియమే వాడాలి, వాళ్ల మనిషే వాయించాలి. నన్ను తెర పక్కన పడేశారు. కోటిలింగం ఠీవిగా "ఐదు పెట్టవయ్యా" అన్నాడు. ఆ వాయించేవాడు నిజంగానే ఐదు పెట్టాడు. మొదటి పాదంలోనే గొంతు చీలింది. మళ్లీ ఎత్తుకుంటే గాలి మాత్రమే వచ్చింది.

"మంత్రిగారూ, రాజీనామా చెయ్యండి!" అని ఎవడో అరిచాడు. జనం విరగబడి నవ్వారు. మౌలాలి పరిగెత్తి తెర దించేశాడు.

గొంతులో పుండు చూసిన డాక్టరు ఒక్కటే అన్నాడట: "రెండేళ్ల కిందట వస్తే గొంతు దక్కేది." స్వరపేటికను కోసి తీసేశారు.

మెడకు గుడ్డ చుట్టుకుని కోటిలింగం మౌలాలి ఇంటికి వచ్చాడు. నా పలకను అటు జరిపాడు, ఇటు జరిపాడు. అంతా అర్థమైంది.

"నీ మనసు కష్టపడకూడదని చేశానన్నాయ్. పిల్లల మీదొట్టు, ఇంకేం లేదు."

నిజమే, ఇంకేం లేదు. మంత్రికీ అంతే కదా! ముప్పై ఏళ్లు ఆ పద్యానికి నన్ను వాయించాడు మౌలాలి, ఒక్కరోజూ దాని అర్థం వినలేదు.

కోటిలింగం తిట్టలేడు. క్షమించానని చెప్పనూ లేడు. గొంతుంటే ఏ మాట అనేవాడో మౌలాలికి ఎప్పటికీ తెలియదు. కోటిలింగం నా పలకను అసలైన ఐదుకు నెట్టి, వాయించమని చెయ్యి ఊపాడు. మౌలాలి మంత్రి పద్యం వాయించాడు. శబ్దం లేకుండా కోటిలింగం పెదవులు పాదం వెంట పాదం కదిలాయి. పద్యం అయిపోయింది. కోటిలింగం వేలెత్తాడు. వన్స్‌మోర్.

ఆయన వెళ్లాక మౌలాలి నా పలకకు రెండు మేకులు దిగ్గొట్టాడు.

ఇప్పుడు సమాజం గదిలో బీరువా మీద పడి ఉన్నాను. కొత్తవాళ్లు దించి చూసి, "దీని పలక జరగదేందిరా, పనికిరాంది!" అని మళ్లీ పైన పడేస్తారు. పడెయ్యనివ్వండి. ఐదు అడిగితే ఐదే పలుకుతాను.