కొత్త వ్యాను మేకు

లాండ్రీ కొట్టు గోడకు రెండు మేకులున్నాయి. పాత డీజిల్ వ్యాను బంకులో ఆగినప్పుడల్లా ఇచ్చే చీటీలన్నీ మొదటి మేకుకు గుచ్చేవారు. అది పొదిగే కోడిపెట్టలా ఉబ్బింది. కొత్త కరెంటు వ్యాను కోసం కొట్టిన రెండో మేకు బోసిగా ఉంది.

“చూశావా మరదలా, మా అల్లుడి బండి పైసా అడగదు!” అని మురిసిపోయేది కొట్టు నడిపే ఆడపడుచు. కొత్త వ్యాను తోలేది అల్లుడు, పాతది తోలేది ఆమె తమ్ముడు. ఇస్త్రీ చేసేది ఆ తమ్ముడి భార్య. అల్లుడు పాతది అమ్మేద్దామంటే మాత్రం, “చీటీ లేని లెక్క నమ్మి ఉన్నది అమ్ముకుంటానా?” అనేది.

ఆ నెల కొట్టు కరెంటు బిల్లు రెట్టింపు వచ్చింది.

“నీ ఇస్త్రీ పెట్టెలు కొంప ముంచుతున్నాయే. వచ్చే నెల నుంచి బట్టలు బయటికిచ్చి చేయిస్తా.”

“అవే పెట్టెలు కదా వదినా! నిరుడు తినని కరెంటు ఇప్పుడెందుకు తింటాయి?”

“పాతబడ్డాక ఆకలెక్కువ, నీ మొగుడికిలాగే!”

మరదలు నవ్వలేకపోయింది. పదకొండేళ్లుగా ఆ బల్ల దగ్గర నిలబడి సంపాదించుకున్న తిండి అది. సాయంత్రం పెరట్లో అల్లుడు వ్యానుకు ఛార్జింగు తీగ తగిలిస్తుంటే చూసింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఆ బండి తాగేది కొట్టు మీటరు నుంచే.

సెలవు రోజు వచ్చింది. పెట్టెలు చల్లగా ఉన్నాయి, కొట్టులో మరేదీ నడవడం లేదు. తీగ పెట్టేముందు ఒకసారి, తీశాక ఒకసారి మీటరు చూసింది. కాగితం ముక్క మీద ‘కొత్త వ్యాను, 22 యూనిట్లు’ అని రాసి బోసి మేకుకు గుచ్చింది.

మర్నాడు ఆడపడుచు కళ్లజోడు పెట్టుకుని చదివింది.

“అయ్యో, నిన్ను ఊరికే ఆడిపోసుకున్నానే! నీ పని నీదే, ఎవరికీ ఇవ్వను.”

మరదలి గుండె కుదుటపడింది. కానీ ఆడపడుచు చెయ్యి అప్పటికే మొదటి మేకు మీదికి పోయింది. ఒక డీజిల్ చీటీ లాగి, యూనిట్లకు రూపాయలు లెక్కగట్టి, రెండూ పక్కపక్కన పెట్టింది.

“అంతే దూరానికి డీజిల్ మూడింతల పైమాటే! ఆయిలూ, క్లచ్చూ వేరే. అల్లుడు చెప్పింది నిజమే. పాతది అమ్మేద్దాం, ఇదే రెండు ట్రిప్పులు తిరుగుతుంది.”

తమ్ముడు తాళంచెవి పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. భార్య తలెత్తలేదు.

“ఆ చీటీ నువ్వే రాశావా?” అన్నాడు.

ఆమె తలూపింది.

“అంకెలు చక్కగా ఉన్నాయి” అని, గుడ్డ తీసుకుని పాత వ్యాను అద్దం తుడవడానికి వెళ్లాడు. కొనేవాళ్లు వస్తారు కదా.