టూటూ వదులు చేసిన తీగలు

మా తాతను ఇంట్లో అందరం టూటూ అంటాం. గిటారు తీగలను వదులు చేసి, తనదైన శ్రుతి పెట్టుకుని వాయిస్తాడు. మా మొలొకాయి దీవిలో ఏ ఇంటి శ్రుతి ఆ ఇంటి గుట్టు. అందుకే వాయించడం అయిపోగానే, ఎవరూ పసిగట్టకుండా తీగలన్నీ ఇష్టమొచ్చినట్టు తిప్పేసి మరీ గిటారును గోడకు ఆనిస్తాడు. "నీకు పదిహేను నిండనీ, చెప్తాను" అనేవాడు నాతో.

నాకు పదిహేను నిండడానికి నెల ముందు ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. ఎడమ చెయ్యి పడిపోయింది. గిటారు మాత్రం ఆయన ఆఖరిసారి తిప్పేసినట్టే ఉండిపోయింది.

శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో పాత సర్ఫింగ్ సినిమా వేశారు. ఇరవై రెండేళ్ల కిందటిది. అందులో గిటారు టూటూదే. పాటకు ముందు ఆయన ఆరు తీగలనూ ఒక్కొక్కటిగా మీటి చూసుకుంటాడనీ, టేపులో అదీ పడిందనీ అమ్మ చెప్పింది. చర్చిలో పాడతాను కాబట్టి ఒకసారి విన్న స్వరం మర్చిపోను. ఆ ఆరూ వింటే చాలనుకుని వెళ్లాను.

తెర మీద మొదటి అల లేచింది. హాలంతా ఈలలు, కేకలు. సర్ఫింగ్ సినిమాకు అరవకపోతే మావాళ్లకు తిన్నది అరగదు. గోల తగ్గేసరికి ఆ ఆరూ దాటిపోయాయి.

వాటి తర్వాత వచ్చిన పాట మాత్రం విన్నాను. అది ఎవరినీ తొందరపెట్టదు. అల మీంచి ఎవరైనా పడిపోతే, నీళ్లలోంచి తల పైకి వచ్చేదాకా ఒక్క తీగ మీదే ఆగి ఎదురుచూస్తుంది. టూటూ అలను కాదు, మనిషిని చూస్తూ వాయించాడనిపించింది.

సినిమా అయ్యాక, దాన్ని వేసిన హైరమ్ అంకుల్ రీళ్లు సర్దుతున్నాడు. బొమ్మ ఒక యంత్రంలో, పాట వేరే టేపులో. ఆయనతో ఎప్పుడూ నమస్కారం దాటి మాట్లాడలేదు. అయినా దగ్గరికి వెళ్లాను.

"అంకుల్, బొమ్మ లేకుండా పాట మొదలు ఒక్కసారి వేస్తారా?"

"బొమ్మ లేకపోతే ఇంకేం చూస్తావే పిల్లా?"

టూటూ కోసమని చెప్పాను. ఆయన నవ్వు ఆపి, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ల వైపు తిరిగాడు.

"ఒరేయ్, కాసేపు నోళ్లు మూసుకోండి. సిమియన్ శ్రుతి చేసుకుంటున్నాడు."

అది మా టూటూ పేరు. అంకుల్ టేపును మొదటికి తిప్పి వేశాడు. ఈసారి ఆరు స్వరాలూ విన్నాను. దారిలో పలకరించినవాళ్లకు జవాబైనా చెప్పకుండా, వాటినే కూనిరాగం తీస్తూ ఇంటికి పరుగెత్తాను.

గిటారు చేతికి తీసుకున్నాక భయమేసింది. ఆయన చెప్పకుండానే నేర్చుకున్నాను కదా. అందుకే ఆయన ఎదురుగానే కూర్చున్నాను.

"వద్దనుకుంటే తల అడ్డంగా ఊపు టూటూ, ఆపేస్తాను."

ఆయన ఊపలేదు. ఒక్కో తీగా సరిచేస్తూ పోయాను. అయిదోదాన్ని కొంచెం ఎక్కువ బిగించినట్టున్నాను, కుడి చెయ్యి చాచి దాని మరను తానే రవ్వంత వెనక్కి తిప్పాడు. తర్వాత ఆరు తీగల మీదా వేళ్లు జార్చాడు. తీగలను నొక్కకుండానే మోగే ఆ శ్రుతికి ఎడమ చేతితో పని లేదు. మళ్లీ జార్చాడు. పొద్దు వాలేదాకా జారుస్తూనే ఉన్నాడు.

గిటారును గోడకు ఆనించబోతుంటే నా చొక్కా అంచు పట్టుకుని, తీగల వైపు చూశాడు.

ఆరింటినీ ఇష్టమొచ్చినట్టు తిప్పేశాను. అప్పుడుగానీ చొక్కా వదల్లేదు.