పాట ఎత్తుకోని రోజు

లెమ్ నీళ్ళలో పడటం అందరూ చూశారు. కెప్టెన్ కూడా చూశాడు.

కరోలినా తీరానికి దూరంగా, మబ్బు పట్టిన శుక్రవారం పొద్దున జరిగిందది. పెద్ద ఓడ నుంచి దింపిన రెండు చిన్న పడవలు నూనె కోసం పట్టే పోగీ చేపల మంద చుట్టూ వల తిప్పి ఎదురెదురుగా వచ్చి కలిశాయి. వల మూతి బిగిస్తున్నారు. తాడు ఒక్క ఊపున జారి లెమ్ కాలికి చుట్టుకుంది. "బాబాయ్!" అన్నాడు హోసియాని చూసి. ఆ మాట అయ్యేలోపు అంచు దాటి, వలకి అవతల, లోతులో పడ్డాడు. తల ఒకసారి తేలింది. పోటు లాక్కుపోతూంటే ఇంకాస్త దూరంలో మళ్ళీ తేలింది.

పక్కన వల పట్టుకున్న రోస్కో లేచి దూకబోయాడు.

"కూర్చోరా!" కెప్టెన్ ట్రాస్క్ అరిచాడు. "వల వదిలితే చేపంతా పోతుంది. ముందు చేపని ఎత్తండి. తర్వాత వాడి సంగతి చూద్దాం."

"వల కోసెయ్యండి కెప్టెన్! మనిషి పోతున్నాడు!"

కెప్టెన్ అతని వంక చూడనే లేదు. హోసియా బెల్ వంక చూశాడు. "ఏం గుడ్లప్పగించి చూస్తావు, ముసలాడా? పాడు!"

ఆ వలని ఎత్తే యంత్రం లేదు. ఉన్నవి నల్ల చేతులు. చేపల బరువు ఓడ బరువంత ఉంటుంది. ఒక్కొక్కడు ఒక్కోసారి లాగితే వేళ్ళు తెగుతాయి గాని వల కదలదు. అందుకే ఒకడు పాట ఎత్తుకుంటాడు. మిగతావాళ్ళు బదులు పలుకుతారు. బదులు ముగిసిన చోట అందరి ఊపిరీ ఒక్కటై వల జానెడు లేస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఓడ మీద పాట ఎత్తుకునేవాడు హోసియా.

తొందరగా ఎత్తితే తొందరగా వెతకొచ్చు అనుకున్నాడతను. చేతులు ఖాళీ అయితేనే కదా లెమ్ దగ్గరికి పోగలం అనుకున్నాడు. పాట ఎత్తుకున్నాడు.

"ఎవరు పిలుస్తున్నారు నన్ను?"

"గట్టు పిలుస్తోంది, లాగు!" అని అందరూ బదులు పలికారు. ఏడుస్తూ పలికారు. ఏడుస్తూనే లాగారు.

కాని చేప ఆ రోజు మహా బరువు. వల లేచి, చేపంతా ఓడ కడుపులోకి చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. కెప్టెన్ ఓడని ఒక్క చుట్టు తిప్పించాడు. తర్వాత రేవు దారి పట్టించాడు.

*

టెంపీ విట్లో ఇంటి అరుగు మీద పెద్ద పంది తొడ ఒకటి కాగితంలో చుట్టి ఉంది. దాని మీద ఈగలు ముసురుతున్నాయి. కొడుకు పోయిన తల్లికి కంపెనీ యజమాని పంపించిన ఓదార్పు అది. ఆమె దాన్ని లోపలికీ తీసుకోలేదు, బయటా పారెయ్యలేదు. వచ్చిపోయేవాళ్ళు చూడాలని అలాగే ఉంచింది.

శనివారం హోసియా టోపీ చేత్తో పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

"రా, కూర్చో," అంది టెంపీ. పొయ్యి మీద మొక్కజొన్న రొట్టె మాడిన వాసన వస్తోంది. "వాడికని చేశాను. చెయ్యి ఆగలేదు."

"అక్కా..."

"ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. వాడు పోతున్నప్పుడు నువ్వు పాడుతున్నావా?"

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. "పాడుతున్నాను," అన్నాడు.

ఆమె తల ఊపింది.

"నీళ్ళ మీద పాట చాలా దూరం వినిపిస్తుందంటారు," అంది. "అయితే నా బిడ్డ ఆఖరున విన్నది నీ గొంతే."

అది తిట్టో, ఓదార్పో అతనికి అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు. టోపీ పెట్టుకుని వచ్చేశాడు.

రైలు పట్టాలకి అవతల, నల్లవాళ్ళ పేటలో, ఆఖరి ఇల్లు అతనిది. రెండు కుర్చీలున్నాయి, ఒకదానిలోనే మనిషి. భార్య మొజెల్, కూతుర్ని తీసుకుని బాల్టిమోర్ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. బస్సెక్కేముందు ఆమె అన్న మాట అతనికి రోజూ వినబడుతుంది. "నీ మనసులో ఉన్నదంతా ఆ పడవ మీద జనానికి పాడి వినిపిస్తావు. ఇంటికొచ్చి నాకు ఒక్క మాట చెప్పవు." బస్సు కదిలేదాకా అతనేం మాట్లాడలేదు. కదిలాక చెయ్యి ఎత్తాడు. అప్పటికి ఆమె ఇటు చూడటం లేదు.

గట్టు మీద అతనెప్పుడూ పాడలేదు. అక్కడివాళ్ళెవరూ పాడరు. గట్టు మీద మగాడు ఏడిస్తే పదిమందీ నవ్వుతారు, తెల్లవాడి ముందు ఏడిస్తే ఇంకా అలుసు. అందుకని తల్లి పోయినా, పెళ్ళాం వెళ్ళిపోయినా, ఒంట్లో బాగోకపోయినా పళ్ళు బిగించుకుని పడవెక్కుతారు. అక్కడ వల పట్టుకుని, పాటలో పెట్టి, అంతా ఏడ్చేస్తారు. కంపెనీకి అది ఏడుపని తెలీదు. పని అనుకుంటుంది. ఆ ఏడుపుతోనే దాని చేపనూనె మిల్లు నడుస్తోంది.

హోసియా కుర్చీలో కూర్చుని, మెల్లగా, ఎవరికీ వినపడకుండా పాట ఎత్తుకోబోయాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళంతా వలల కొట్టంలో చేరారు. చిరిగిన వలలు బాగుచేసుకునే రోజది. తారు వాసన మధ్య చేతులు కుడుతున్నాయి, నోళ్ళు పోట్లాడుతున్నాయి.

"చచ్చినవాణ్ణి మనం తీసుకురాలేం," అన్నాడు పర్వెల్. చర్చిలో పెద్ద అతను, ఓడలో హోసియా తర్వాత అతనే సీనియరు. "రేపు పడవెక్కకపోతే మనల్ని తీసేసి ఇంకో ఊరినుంచి తెచ్చుకుంటారు. పిల్లలున్నవాళ్ళు ఆలోచించండి."

"తీసుకురాలేమా? వెతికామా అసలు?" రోస్కో కుడుతున్న సూది నేలకేసి కొట్టాడు. కొరియా యుద్ధం నుంచి తిరిగొచ్చి ఏడాది కాలేదు. "అక్కడ గుండ్లు పడుతుంటే కూడా చచ్చినవాణ్ణి భుజాన వేసుకొచ్చేవాళ్ళం. ఇక్కడ చేప కోసం మనిషిని వదిలేసి వచ్చాం. తల్లికి పంది తొడ ఇచ్చారు! పంది తొడ!"

"మాంసం మంచిదే," అన్నాడు వంటవాడు స్కిలెట్ నీరసంగా. "యజమాని తొడ అయితే ఇంకా బాగుండేది."

కొందరు నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"సమ్మె చేద్దాం. గట్టు మీదే కూర్చుందాం," అన్నాడు రోస్కో.

"గట్టు మీద కూర్చుంటే లెమ్ వస్తాడా?" అన్నాడు పర్వెల్. "వాడు సముద్రంలో ఉన్నాడు. ఓడ వాళ్ళది."

అది నిజం. ఒకణ్ణొకడు చూసుకోలేక మళ్ళీ వలలమీదకి వంగారు. ప్రతివాడూ శుక్రవారం నుంచి ఒక్కడే అయిపోయాడు. ఎవడి ఇంట్లో వాడు, ఎవడి మంచం మీద వాడు, ఆ తల తేలటం చూస్తూనే ఉన్నాడు. ఆ సంగతి పక్కవాడికి చెప్పినవాడు లేడు.

మూలన కూర్చున్న హోసియా నోరు విప్పాడు. "నాకు గొంతు రావడం లేదు."

అందరూ అటు తిరిగారు. ఆయన తన గురించి మాట్లాడటం వాళ్ళెన్నడూ వినలేదు.

"నిన్నట్నుంచి ప్రయత్నిస్తున్నా. రావడం లేదు. వాడు ‘బాబాయ్’ అన్నాడు. నేను పాట అందుకున్నాను. నాకు... ఒక్కణ్ణే ఇంట్లో ఉండాలంటే భయంగా ఉంది."

పర్వెల్ చేతిలో వల కిందపడింది. "నాకూ నిద్ర లేదు, హోసియా," అన్నాడు. స్కిలెట్ తల తిప్పుకున్నాడు గాని, భుజాలు ఊగుతున్నాయి. గట్టు మీద, పాట లేకుండా, ఆ మగవాళ్ళు ఒకరి ముందు ఒకరు ఏడ్చారు. ఎవడూ నవ్వలేదు.

ముందు కళ్ళు తుడుచుకున్నది రోస్కో. "బాబాయ్, నీకు గొంతు రాకపోతే వల లేస్తుందా?"

"లేవదు."

"వేరేవాడు ఎత్తుకుంటేనో?"

"బదులు పలికేవాళ్ళుండాలి కదా."

రోస్కో అందరి వంకా చూశాడు. "పర్వెల్ అన్నా, ఓడ వాళ్ళదే. ఒప్పుకున్నా. పాట ఎవరిది?"

పర్వెల్ కిందపడ్డ వల చేతిలోకి తీసుకున్నాడు. "రేపు పడవెక్కుదాం," అన్నాడు. "చేప చుట్టూ వల తిప్పుదాం. ఆ తర్వాత... నేను కూడా నోరు తెరవను."

*

సోమవారం చేప బాగా దొరికింది. వల బిగిసింది. నీళ్ళు వెండిలా ఉడుకుతున్నాయి. అందరూ వల పట్టుకుని నిలబడ్డారు.

"కానివ్వండి," అన్నాడు కెప్టెన్.

ఎవరూ పాడలేదు.

"ముసలాడా! నిద్రపోయావా?"

హోసియా నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు. చేతులు తాడు మీదే ఉన్నాయి. పక్కన పర్వెల్ భుజం తన భుజానికి ఆనుకుని ఉంది.

"లాగండిరా! లాగండి!" కెప్టెన్ అరిచాడు. లాగారు. ఒకడు ముందు, ఒకడు వెనక. వల కదల్లేదు. లోపల చేప చస్తోంది. చచ్చిన చేప రాయిలా అడుక్కి దిగుతుంది. పడవ అంచు నీళ్ళవైపు వంగడం మొదలుపెట్టింది.

అప్పుడు కెప్టెన్ ట్రాస్క్ తనే పాట ఎత్తుకున్నాడు. ఇన్నేళ్ళుగా విన్నవాడే కదా, మాటలన్నీ వచ్చు. "ఎవరు పిలుస్తున్నారు నన్ను?" అన్నాడు, మెడ నరాలు ఉబ్బిపోగా. ఆ గొంతు నీళ్ళ మీద ఒంటరిగా పోయి ఎక్కడో ఆగిపోయింది. బదులు రాలేదు. మళ్ళీ అన్నాడు. మొహం ఎర్రబడింది.

"రాగం తప్పింది కెప్టెన్," అన్నాడు స్కిలెట్.

"ఏం కావాలి మీకు?" అన్నాడు కెప్టెన్ పళ్ళు నూరుతూ.

"వల వదిలి ఓడ తిప్పండి," అన్నాడు రోస్కో. "పోటు ఉత్తరం ఇసుకదిబ్బ వైపు పోతోంది. అక్కడ వెతకాలి."

"వాడి కోసమా? ఆ కుర్రాడి కోసం ఇంత చేప వదలమంటారా?"

"కుర్రాడు కాదు. పేరుంది," అన్నాడు హోసియా. అతనికే తన గొంతు కొత్తగా వినబడింది. "నాలుగు సీజన్లు మీ వల లాగాడు. పేరు చెప్పండి. చెబితే ఇప్పుడే పాడతాను."

ట్రాస్క్ ఒక్కొక్కరి మొహమూ చూశాడు. అతనికి లెమ్ పేరు ఒక్కటే కాదు, ఆ పడవలో సగం పేర్లు తెలీవు.

పడవ ఇంకాస్త వంగింది. కెప్టెన్ అంచు పట్టుకున్నాడు. "వదలండి," అన్నాడు. "వదిలెయ్యండిరా, మునిగిపోతాం!"

వల మూతి విప్పారు. చేపంతా వెండిమబ్బులా చెదిరిపోయింది.

పొద్దు వాలుతుండగా, ఉత్తరం దిబ్బ పక్కన, పక్షులు వాలుతున్న చోట లెమ్యూయెల్ విట్లో దొరికాడు. పర్వెల్ తన కోటు విప్పి మొహం కప్పాడు. ఎప్పుడూ చేపలు పోసే చోట పొడి వల పరిచి, దాని మీద పడుకోబెట్టారు. రేవుదాకా హోసియా పక్కనే కూర్చుని ఆ కాలికి ఇంకా చుట్టుకుని ఉన్న తాడు ముడి విప్పాడు. ముడి చాలా బిగుసుకుపోయి ఉంది.

*

కెప్టెన్ కంపెనీకి రేడియోలో చెప్పేశాడు. రేవులో షెరీఫ్ మనుషులు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ వెనక పేటంతా నిలబడింది. ముందు టెంపీ.

"ఎవడు మొదలెట్టాడు?" అన్నాడు వాళ్ళని తెచ్చిన షెరీఫ్ డిప్యూటీ.

కెప్టెన్ హోసియాని చూపించాడు. "వీడే."

"ఏం చేశాడు? కొట్టాడా?"

"లేదు."

"కత్తి తీశాడా?"

"లేదు. పాడలేదు."

డిప్యూటీ కలం పట్టుకుని ఆగిపోయాడు. "మరి నేరం ఏమని రాసుకోను?"

"పాడలేదనే రాసుకోండి సార్," అన్నాడు రోస్కో. "మేం కూడా పాడలేదు. అందరివీ రాసుకోండి."

జనంలో నవ్వు పుట్టింది. డిప్యూటీకి కోపం వచ్చింది. ఓడ మీద తిరుగుబాటు అని రాసి, హోసియా చేతులకి సంకెళ్ళు వేశాడు. టెంపీ అడ్డం వచ్చింది. కొడుకు మొహం చూసి వచ్చిన కళ్ళవి.

"ఇంటికి తెచ్చావు," అంది అతనితో. ఇంకేం అనలేదు. సంకెళ్ళ మధ్య అతని వేళ్ళని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. తర్వాత కంపెనీ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ యజమాని వైపు తిరిగింది. "రేపు నా బిడ్డని పూడుస్తున్నాం. రేపు ఏ ఓడా కదలదు. ఈయన్ని వదిలేదాకా కదలదు. మా అరుగు మీద మీ మాంసం ఉంది, మనిషిని పంపి తీసుకెళ్ళండి."

*

జైలు గదిలో హోసియా ఒక్కడే. కిటికీ పైకెక్కడో ఉంది. సముద్రం కనబడదు, వినబడుతుంది. రాత్రంతా అతను అనుకున్నదొకటే: వాళ్ళకి పిల్లలున్నారు, అప్పులున్నాయి. పొద్దున్నే పడవెక్కేస్తారు. ఎక్కితే తప్పు పట్టలేను. మొజెల్ బస్సెక్కితే తప్పు పట్టానా?

తెల్లారింది. కంపెనీ కూత కూసింది. కూత ఆగగానే ఇంజన్లు మొదలవ్వాలి. అతను గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు.

ఇంజన్లు మోగలేదు.

కూత మళ్ళీ కూసింది, పొడుగ్గా, అరిచినట్టు. మళ్ళీ నిశ్శబ్దం. బతుకంతా అతన్ని భయపెట్టింది ఆ నిశ్శబ్దమే. ఇవాళ దాని నిండా మనుషులున్నట్టు ఉంది.

అప్పుడు రేవు వైపు నుంచి ఒక గొంతు లేచింది. చెడ్డ గొంతు, శ్రుతి లేని గొంతు. రోస్కోది. నీ పాటకి చేపలు పారిపోతాయిరా అని హోసియా వాణ్ణి ఎన్నోసార్లు ఏడిపించాడు. గట్టు మీద, నేల మీద నిలబడి, రోస్కో పాట ఎత్తుకున్నాడు.

"ఎవరు పిలుస్తున్నారు నన్ను?"

అన్ని ఓడల మగవాళ్ళూ, పేటలో ఆడవాళ్ళూ కలిసి బదులు పలికారు.

"లెమ్ పిలుస్తున్నాడు, లాగు!"

హోసియా బల్ల ఎక్కి కిటికీ ఊచలు అందుకున్నాడు, వల పట్టుకున్నట్టే. ముప్పై ఏళ్ళుగా పాట ఎత్తుకునేవాడు అతనే. బదులు పలకడం ఎలా ఉంటుందో అతనికి తెలీదు. రెండోసారి రోస్కో ఎత్తుకున్నాడు. మాట ముగిసిన చోట హోసియా ఊపిరి అందరి ఊపిరితో కలిసింది. గొంతు వచ్చింది.

జైలరు తాళాలు మోగించుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్! ఒక్కడివే ఎవరితో అరుస్తున్నావురా?"

హోసియా అతని వైపు తిరగలేదు. అవతల రోస్కో మూడో చరణం అందుకుంటున్నాడు. దానికి బదులు పలకాలి.