పేగులో గడ్డ, మగ్గంలో పెండ్లాం

యాభై దాటినవాళ్లంతా పెద్దపేగు పరీక్ష చేయించుకోవాలని కర్నూలులో నర్సుగా పనిచేసే కూతురు సౌందర్య ఏడాదిగా పోరుతోంది. "మంచిగున్నోన్ని పట్టుకొని ఎనకనుంచి పైపు దూరుస్తరా? ఇదేం చోద్యమే!" అని గద్వాల నేతగాడు బాలస్వామి తప్పించుకు తిరిగాడు. చివరికి పిల్ల ఏడ్చేసరికి ఒప్పుకున్నాడు.

పేగు కడగడానికి ముందురోజు తాగమన్న మందునీళ్లు పగవాడికి కూడా వద్దు. మొండిఘటం, అవి తాగుతూనే నేతకు కూర్చున్నాడు. మగ్గం గుంటలో దిగడం, రెండు పోగులు వేయడం, పంచె చేతబట్టుకుని పాయిఖానాకి పరుగెత్తడం. ఆ సాయంత్రం వీధిలో ఎవరూ టీవీ పెట్టలేదు, అతని పరుగులే చాలాయి.

కర్నూలులో చేసిన పరీక్షలో శనగగింజంత గడ్డ కనిపించింది. డాక్టరు అప్పటికప్పుడే తీసేశాడు. "పేగులో మామూలుగా మొలిచే పాలిప్‌లా లేదు. ముక్క పరీక్షకు పంపుతాం, వారం పడుతుంది" అన్నాడు. ఇక క్యాన్సరేనని బాలస్వామి సగం చచ్చాడు.

ఇంటికొచ్చాక అతనికి ఒకటే బెంగ. నూలు చీరకు పట్టు అంచును పోగు పోగునా మెలేసి కలపడంలో వాళ్ల నాయన చెప్పిన కిటుకు ఒకటుంది. వేలితో రాస్తే అతుకే తగలదు. అది మగవాళ్ల చేతిలోనే ఉండాలని ఆ ఇంటి కట్టుబాటు. ముప్పై ఏళ్లుగా భార్య నాగేంద్రమ్మది రాట్నం మీద దారం కండెలు చుట్టే పని. అంచు కలిపే వేళకు ఆమె లేచి వంటింట్లోకి పోవాల్సిందే. మరి కొడుకులు లేరు. తాను పోతే ఆ పనితనమూ తనతోపాటే మట్టిలో కలుస్తుంది. చావుకన్నా అదే అతన్ని ఎక్కువ ఏడిపించింది.

తెల్లారి భార్యను పిలిచాడు. "ఇగో, గుంటల దిగు. అంచు కలుపుడు నేర్పుత."

"నాకా? మీ నాయిన లేచొస్తడు!"

"రానీ. నేనే పోతున్న గద, ఆయనకు నేను చెప్పుకుంట."

మొదటిరోజు ఆమె పోగులు తెంపితే నోటికొచ్చినట్టు తిట్టాడు. మూడోరోజు తిట్టడానికి ఏమీ దొరకలేదు. ఐదోరోజు ఆమె సొంతంగా ఒక మెలిక వేసింది. రాసి చూస్తే తన పనికన్నా నునుపు. గర్వమూ కడుపుమంటా ఒకేసారి వచ్చాయి. ఆ మంటకు కర్నూలులో కూడా మందులేదు.

ఎనిమిదోరోజు సౌందర్య ఫోన్ చేసింది. "నాయినా, క్యాన్సర్ గాదు! నరాల కణాలకెల్లి పుట్టిన గడ్డంట. మస్తు అరుదంట. డాక్టర్ సార్ తన సర్వీసుల ఇది రెండోది అన్నడు. తీసేసిండ్రు గద, ఇంగ భయం లేదు."

బాలస్వామి గడపమీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని వీధిలోకి పోయి, గసొంటి గడ్డ గద్వాలల ఇంకెవనికీ లేదని నాలుగిళ్లలో గొప్పలు చెప్పొచ్చాడు. నాగేంద్రమ్మ కూడా కడుపారా ఏడ్చింది, దేవుడికి టెంకాయ కొట్టింది, మళ్లీ వచ్చి గుంటలో దిగింది.

అతను మగ్గం పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఇగ గుంటలకెల్లి లేవు. నేను పోతలేను గద."

"పోతలేవు, సంతోషం. నిండా నూరేండ్లు బతుకు." ఆమె తలెత్తకుండానే పోగుల మధ్య నుంచి దారపు నాడె విసిరింది. "గని పట్టు కండెలు అయిపోయినై. జర జల్దీ చుట్టు."

బాలస్వామి రాట్నం ముందు కూర్చున్నాడు. ఏం చేస్తాడు, బతికాడు మరి.