రోడ్డుకు అవతల సిగరెట్టు

నా మనవరాలు డెల్ఫిన్ ఆసుపత్రిలో రోగులకు ఊపిరి యంత్రాలు నడుపుతుంది. దానిది ఇంకా తాత్కాలిక లైసెన్సే. పరీక్ష పాసయ్యేదాకా శ్వాస యంత్రం మీద చెయ్యి వెయ్యాలంటే పూర్తి లైసెన్సున్న మనిషి ఆసుపత్రి ఆవరణలో ఉండాలి. అది లూసియానా చట్టం. తప్పితే ఉన్న లైసెన్సు కూడా లాగేసుకుంటారు.

ఆ సోమవారం మధ్యాహ్నం దానికి ఎర్ర బీన్సు, అన్నం పట్టుకెళ్ళాను. అది కింది వార్డులో గిడ్రీ ముసలాయన మంచం దగ్గర బిగుసుకుపోయి నిలబడి ఉంది. మాస్కులోంచి యంత్రం గాలి తోస్తున్నా ఆయన పెదాలు నీలంగా మారుతున్నాయి.

"గాలి ఒత్తిడి పెంచమని డాక్టరు ఫోన్లో చెప్పారు," అంది నర్సు లొరెట్టా. "నేను ఆ మిషన్ ముట్టకూడదు. మీ బ్రూసార్ ఏడీ?"

"ఫోను బల్ల మీదే వదిలేసి పోయాడు. అమ్మమ్మా, ఎక్కడున్నాడో కాస్త చూడవే!"

ఆవరణలో పొగ తాగకూడదు. అందుకని డెల్ఫిన్ పైవాడు, పూర్తి లైసెన్సున్న బ్రూసార్ ఎప్పుడూ రోడ్డు దాటి టైర్ల షాపు పక్కకు పోతాడు. ఉరికాను. అక్కడే ఉన్నాడు.

"ఊపిరి పోసే ఉద్యోగం చేస్తూ ఇదేం పాడలవాటయ్యా! పద!"

"ఒక్క దమ్ము, ఎర్లీనమ్మా."

"గిడ్రీకి మిగిలిందీ ఒక్క దమ్మే!"

సిగరెట్టు పారేసి కదిలాడు. దుంగల లారీ ఒకటి అడ్డం వచ్చింది. వార్డు కిటికీలో డెల్ఫిన్ మా వైపే చూస్తూ కనిపించింది. లారీ పోయేసరికి కిటికీ దగ్గర లేదు.

మేం చేరేసరికి గిడ్రీ ఛాతీ నెమ్మదిగా లేచి దిగుతోంది. పెదాలకు రంగు వచ్చింది.

బ్రూసార్ గొంతు తగ్గించాడు. "నేను గేటు లోపలికొచ్చాకే పెంచావు కదా?"

లొరెట్టా దుప్పటి సర్దుతూ తల ఎత్తలేదు. అవునని చెప్పవే తల్లీ అనుకున్నాను.

"కాదు సార్. మీరింకా రోడ్డుకు అవతలే ఉన్నారు. రికార్డులో అలాగే రాస్తాను."

"పిచ్చిదానా, నీ లైసెన్సు పోతుందే!" అన్నాను నేను.

"పోవచ్చు."

బ్రూసార్ ముఖం తుడుచుకున్నాడు. బల్ల మీది ఫోను తీసి మేనేజరు నంబరు నొక్కాడు.

"డ్యూటీ వదిలి పోయింది నేను. ముందు నా సంగతి వినండి," అన్నాడు.

డెల్ఫిన్ చల్లటి వేళ్ళతో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అవతలి గొంతు ఏమంటోందో మాకు వినపడలేదు.